పిన్ని ఎడమ చేతి ఉంగరం

చిరంజీవి లూత్సియాకు, యేసుక్రీస్తుకు మహిమ.

పత్రికలో నువ్వు చెక్కిన బొమ్మ చూశాను. అది నేనేనని ఊరంతా పోల్చేసింది. చేతులు రొట్టెలు తీసే పారలంత ఉన్నాయి, పోనీలే. ఇంటి కప్పు మీద నల్లపిట్ట కూర్చుంది, అదీ పోనీలే. కానీ నా పెళ్ళి ఉంగరం ఎడమ చేతికెందుకు పెట్టావే? మన ఊళ్ళో కుడి చేతి నుంచి అలా మార్చుకునేది మొగుడు పోయిన ఆడదేగా! మీ బాబాయి ఎదురుగా కూర్చుని బీట్‌రూట్ పులుసు జుర్రుకుంటున్నాడు. ఆయన గురించి నీకేం తెలిసిందో రాయి.

నీ పిన్ని, డొమిత్సెలె

తా.క. పొరుగింటి ఓనా అప్పుడే నల్ల శాలువా అరువిస్తానంది.

ప్రియమైన పిన్నికి,

విల్నియస్‌లో ప్రదర్శన పనుల మధ్య నీ ఉత్తరం హడావుడిగా చదివాను. బొమ్మను అంత శ్రద్ధగా చూశావు, సంతోషం. నేను పలక మీద చెక్కి అచ్చువేసే బొమ్మల్లో ఏదీ ఊరికే ఉండదు. పెద్ద చేతులంటే ఎదురుచూపు. నల్లపిట్టంటే తలుపు తట్టకుండా వచ్చేది. మిగతాది చూసేవాళ్ళ గుండెకే తెలియాలి. బాబాయిని అడిగానని చెప్పు.

ప్రేమతో, లూత్సియా

తా.క. పత్రికవాళ్ళు బొమ్మ పేరు వెయ్యలేదు. దాని పేరు ‘ఆమె ఒక్కతే’.

లూత్సియా,

నీ ఉత్తరం చదివి పొయ్యి దగ్గరే కూలబడ్డాను. మీ బాబాయిని సరస్సు మంచు మీద చేపలకి వెళ్ళనివ్వడం లేదు. ఎక్కి పడతాడేమోనని నిచ్చెన నరికి పొయ్యిలో పెట్టాను. ఆపద రాకుండా పునీత అగాత పండగనాడు చర్చిలో దీవించిన రొట్టె ఆయన కోటు జేబులో పెట్టి కుట్టేశాను. మీగడంతా ఆయనకే. ఆయనకేమీ చెప్పలేదు. భయంగా ఉందే. ఇన్నేళ్ళూ తిట్టడమే తప్ప ఒక్క మంచి మాట అనలేదు. ఇప్పుడంటే అనుమానపడతాడు. అది ఎప్పుడు జరుగుతుందో చెప్పు.

పిన్ని

తా.క. ఆ పిట్టని చెరిపేస్తే ఆగుతుందా?

చిరంజీవి లూత్సియాకు, బాబాయి యోజపస్ రాయునది.

పలక మీద కుడి చేతికి చెక్కిన ఉంగరం అచ్చులో ఎడమకి పోతుందనీ, ఆ సంగతి నీకు తట్టలేదనీ పిన్నికి రాశావు. ఆ ఉత్తరాన్ని పోస్టావిడ దారిలో నా చేతికిచ్చింది. నాకు మొదటి రోజే తెలుసు. బొమ్మలో మన బావి కూడా ఇంటికి అవతలి పక్క పడింది. పిన్ని భయమేమిటో ఓనా చెప్పేసింది. మీగడ రుచి మరిగి నోరు మూసుకున్నాను. నీ ఉత్తరం కూడా దాచేశాను.

నిన్న పశువుల కొట్టంలో మీ పిన్ని గొంతు వినిపించింది. ఆవు మెడ పట్టుకుని, “ఆయన లేకపోతే నేనెవర్ని తిట్టుకోను?” అంటోంది. వెళ్ళి ఉత్తరం ఇచ్చేశాను. రెండుసార్లు చదివి పాల గరిటెతో నా వీపు వాయించింది. తర్వాత నా కోటు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇప్పుడు మళ్ళీ తిడుతోంది. నాకు హాయిగా ఉంది.

నీ బాబాయి

తా.క. ఈసారి మా ఇద్దర్నీ చెక్కు. చేతులకి ఉన్ని తొడుగులు వెయ్యి.