తలుపుదే తప్పట

అక్కా, నేను బాగానే ఉన్నా. నువ్వు విన్నది నిజమే, అన్న ఆఫీసు ఉద్యోగం మానేశాడు. గదిలో కూర్చుని వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. నాన్నకి అప్పుడే చెప్పకు.

నాకైతే అన్న మీద అనుమానంగా ఉంది. గేమ్ నాతో ఆడిస్తాడు, తనేమో పక్కన కూర్చుని స్క్రీన్ చూడకుండా నా మొహమే చూస్తాడు. "ఎటెళ్ళాలి అన్నా" అంటే "నేనిక్కడ లేననుకోరా" అంటాడు. నిన్న గేమ్‌లో ఒక తలుపు దగ్గర ఇరుక్కుపోయా. దాని మీద ఏదో పొడుగ్గా రాసుంది. నా చదువు సంగతి నీకు తెలుసుగా. అన్నీ నొక్కి చూసి, "నావల్ల కాదు, నేను మొద్దుని" అన్నా. "తప్పు నీది కాదురా, తలుపుది" అన్నాడు. వెటకారం అనుకున్నా.

ఇవాళ చూస్తే ఆ రాతలే లేవు. తలుపుకి ఒక పక్క దీపం వెలుగుతోంది, రెండో పక్కది ఆరిపోయి ఉంది. దాన్ని వెలిగించా, తలుపు తెరుచుకుంది.

సోమవారం గేమ్ కంపెనీ వాళ్ళు వచ్చి చూస్తారట. వాళ్ళకి నచ్చితేనే అన్నకి పని. వాళ్ళ ముందు నన్నే ఆడమంటున్నాడు. బాగా ఆడతాననా, మొద్దుకి కూడా అర్థమవుతుందని చూపించడానికా? నువ్వే మెల్లిగా కూపీ లాగు. నేనడిగానని చెప్పకు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావని అడిగానని చెప్పు.

ఇంకోటి. తలుపు తెరుచుకోగానే అన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఏమైందంటే నలుసు పడిందట. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

నా కాలర్ చొక్కా సోమవారం లోపు అందేలా పంపు. ఆడతానని అన్నకింకా చెప్పలేదు.

నీ తమ్ముడు