సౌండ్ బాక్సు మీద ఫిర్యాదు

చెల్లింపుల యాప్ కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

నమస్కారాలు. నేను ముప్ఫై ఏళ్లుగా రేడియోలు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. నా బల్ల మీద మీ సౌండ్ బాక్సు ఉంది. ఎవరైనా స్కాన్ చేసి డబ్బు పంపితే ‘ఇంత వచ్చింది’ అని అరవడం దాని ఉద్యోగం. ఇన్నాళ్లూ బుద్ధిగానే చేసింది.

ఈమధ్య గోప్యతా విధానం మార్చామంటూ నా ఫోనుకు పదహారు పేజీలు పంపారు. ఒక చేత్తో సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేశాను. ‘మీ గోప్యతే మాకు ప్రాణం’ అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటే ఇంక చదివేదేముంటుంది? అప్పటినుంచి మీ బాక్సు డబ్బు సంగతి చెప్పి ఊరుకోవడం లేదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇంకా ఏదో పొడిగిస్తోంది. కొట్లో ఉన్నవాళ్లు ముందు బాక్సు వైపు, తర్వాత నా వైపు, ఆ తర్వాత తమ చెప్పుల వైపు చూస్తున్నారు. నేను పనిలో పడి అదేమంటోందో పట్టించుకోలేదు. దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
రేడియో మరమ్మతుదారు

తా.క.: ఫోను చేయమని మాత్రం రాయకండి. ఫోనులో మాట్లాడటం నాకు చిన్నప్పటినుంచీ గిట్టదు.

*

విలువైన ఖాతాదారు గారికి,

మీ ఉత్తరం మాకు అమూల్యం. మారిన విధానంలోని పద్నాలుగో అంశం ప్రకారం, మీ ఖాతాలో జరిగే చెల్లింపులను బట్టి మీకు పనికొచ్చే ప్రకటనలను సౌండ్ బాక్సు వినిపిస్తుంది. మీకు వస్తున్న ప్రకటన ఏదో తెలుసుకోవడానికి దయచేసి బాక్సును శ్రద్ధగా వినండి. ప్రకటన ఆగాలంటే ఖాతాదారు స్వయంగా మా నంబరుకు ఫోను చేసి, అడిగిన ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి.

మీ సేవలో,
ఫిర్యాదుల విభాగం, మూడో బల్ల

తా.క.: శబ్దం చాలకపోతే బాక్సు పక్కనున్న కూడిక గుర్తు నొక్కండి.

*

మూడో బల్ల వారికి,

కూడిక గుర్తు నొక్కాను. ఎదురుకొట్టు దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు. వీధి మలుపులో రొట్టెల కొట్టాయన కూడా తొంగి చూశాడు. నాకు మాత్రం దూరంగా ఎవరో బస్తా ఈడుస్తున్నట్టు వినిపించింది.

ఇక దాచి లాభం లేదు. గోప్యతే ప్రాణమన్నారు కాబట్టి, లోకంలో ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. నాకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది పోయే దారిలో ఉంది. పక్కవీధి చెవి డాక్టరుకు రహస్యంగా మూడుసార్లు చూపించుకుని, ఫీజు మీ యాప్‌లోనే కట్టాను. స్పీకరు మీద వేలు ఆనిస్తే, ఆ వణుకును బట్టి లోపం ఎక్కడుందో పట్టేస్తున్నాను. పని చెడిపోలేదు. కానీ చెవిటివాడికి రేడియో ఎవరిస్తారండీ? ఇది బయటపడితే కొట్టు మూసుకోవడమే.

మా ఆవిడకూ తెలియనివ్వలేదు. ఆవిడ ఏమన్నా తల ఊపుతాను. అలా ఊపి ఊపి ఒక పిల్లినీ, మూడు నెలలపాటు మా మరదలినీ ఇంట్లో పెట్టుకున్నాను.

ఆ పాడు పెట్టె ఏమంటోందో కాగితం మీద రాసి పంపండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
రేడియో మరమ్మతుదారు

తా.క.: ఇది చదివాక చించేయండి.

*

రేడియో మరమ్మతుదారు గారికి,

మీ ఉత్తరం చించేశాను. మా అచ్చు కాగితం పక్కన పెట్టి ఇది చేత్తో రాస్తున్నాను. ఎలా చెప్పాలో తెలియడం లేదు, క్షమించండి. రికార్డు తెప్పించి విన్నాను. మీ బాక్సు ప్రతిసారీ అంటున్నది ఇదీ: “‘ఏమిటీ? మళ్లీ చెప్పండి!’ అంటున్నారా? మీ చెవులకు మా చెవి మిషను!” ఆ తర్వాత ఒక పాట. నలభై రోజులుగా ఇదే.

మా పై ఆఫీసరును నిలదీశాను. “అంగీకరించారు కదా?” అన్నారు.

ఇట్లు,
మూడో బల్ల అమ్మాయి

తా.క.: పాట కూడా బాగాలేదు.

*

మూడో బల్ల అమ్మాయికి,

నీ ఉత్తరం చదివితే తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. దర్జీ నా ఎదుటికొచ్చి, పళ్ల డాక్టరుకు చూపిస్తున్నట్టు నోరంతా తెరిచి ఎందుకు మాట్లాడుతున్నాడో తెలిసింది. రొట్టెల కొట్టాయన తన రేడియోకొచ్చిన జబ్బు చీటీ మీద రాసి తెస్తే, పాపం గొంతు పోయిందనుకుని వేడినీళ్లు తాగమని సలహా ఇచ్చాను. మూగవాడికి చెప్పినట్టు సైగలు కూడా చేశాను.

నిజం చెప్పాలంటే ఒక్కరూ రేడియో వెనక్కి తీసుకుపోలేదు. ఆ భయం తీరింది. కానీ మా ఆవిడ రోజూ మధ్యాహ్నం భోజనం తెచ్చి కొట్లో కూర్చుంటుంది. నలభై రోజులుగా ఆ మాట విని కూడా నోరు మెదపలేదు. ఆవిడ దగ్గర నేను దాచింది ఇదొక్కటే. నేను చెప్పాల్సిన మాట మీ పెట్టె చెప్పేసింది. ఆవిడ మనసులో ఏముందో అడగాలంటే భయంగా ఉంది. నా డాక్టరు ఫీజు చూసేగా మీవాళ్లు ఇలా టముకు వేశారు?

ఇట్లు,
రేడియో మరమ్మతుదారు

తా.క.: బాక్సు మీద దుప్పటి కప్పాను. అయినా వినిపిస్తోందని దర్జీ సైగ చేశాడు.

*

బాబాయి గారికి,

ఆ ప్రకటన ఆపించాను. మీ తరఫున నేనే ఫోను చేసి, గొంతు బొంగురు చేసి జవాబులు చెప్పాను. ఉద్యోగం పోతే రేడియో పని నేర్పాలి మీరు.

ఒక సంగతి తేలింది. ప్రకటన మీ డాక్టరు ఫీజు వల్ల రాలేదు. మీరు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి రెండు నెలల ముందే, మీ ఖాతాకు జతైన రెండో ఫోను నుంచి ఎవరో చెవి మిషను కొన్నారు. ప్రకటన ఆపమని ఆ ఫోను నుంచే మాకు ఏడుసార్లు కాల్ వచ్చింది. ఖాతాదారే మాట్లాడాలని ఏడుసార్లూ పెట్టేశాం. ఆ ఫోను ఎవరిదో చెప్పడానికి మాత్రం మా గోప్యతా విధానం ఒప్పుకోదు.

ఇట్లు,
మూడో బల్ల అమ్మాయి

తా.క.: మీ ఖాతాకున్న ఫోన్లు రెండే. ఒకటి మీ చేతిలో ఉంది.

*

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం తీసుకెళ్లి మా ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద నుంచి చిన్న డబ్బా తీసి నా ముందు పెట్టింది.

“తెలిసీ ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

నా కుడి పక్కకొచ్చి కూర్చుని, “మీరు దాచుకుంటున్నారు కదా. చెప్పాలనిపించినప్పుడు మీరే చెబుతారు, అందాకా దాచుకోనిద్దామని” అంది.

నాకు ఏడుపు ఆగలేదమ్మా. మీ విధానం పదహారు పేజీలు. ఆవిడది ఈ ఒక్క మాట.

“మరి పిల్లి?” అని అడిగాను.

“తల ఊపుతారని తెలిసే అడిగాను” అంది.

డాక్టరు చేత సరిచేయించి చెవి మిషను పెట్టుకున్నాను. అందరికీ తెలిసిందే కాబట్టి కొట్లో కూడా అలాగే కూర్చుంటున్నాను. దర్జీ మాత్రం ఇంకా నోరంతా తెరిచే మాట్లాడుతున్నాడు, అలవాటైపోయింది పాపం.

ఇట్లు,
మీ బాబాయి

తా.క.: చిన్న సాయం. నిన్నటినుంచి బాక్సు కొత్త ప్రకటన అందుకుంది, ఈసారి నా చెవులతో విన్నాను: “మీ గురక పక్కవారికి వినిపిస్తోందా?” గురక మందు కొన్నది నేను కాదు. భోజనం తెచ్చాక ఆవిడ నా కుర్చీలో ఒక కునుకు తీస్తుంది. ఆ గురక ఎలా ఉంటుందో ఇన్నేళ్లకు మొన్న విన్నాను, ఏమీ అనలేదు. ప్రకటన ఆపమని మీ నంబరుకు నేనే ఫోను చేశాను. లైనులోనే ఉండమని అరగంటసేపు ఆ చెవి మిషను పాటే వినిపించారు. నువ్వన్నది నిజం, బాగాలేదు. అందుకే నీకు రాస్తున్నాను, ఎలాగైనా ఆపించు. అందాకా ఆవిడ వచ్చే వేళకు బాక్సును దుప్పటిలో చుట్టి బీరువాలో పెడుతున్నాను. ఆవిడ దాచుకోవాలనుకుంటోంది. దాచుకోనిద్దాం.