పదమూడో పీనుగు

ధర్మవరం,
16-8-2004.

హిందూపురంలోని 'లేచిన పీనుగులు' సినిమా ఆఫీసు వారికి,

ధర్మవరం నుంచి వెంకటక్క రాస్తున్నాను. సినిమా చివర మీ అడ్రసు పడితే టికెట్టు వెనక రాసుకున్నాను. మా ఊళ్ళో మీ సినిమా మార్నింగ్ షోగా పదకొండు దినాలు ఆడింది. పెనుకొండ కోటలో చచ్చినవాళ్ళు లేచి, ఊరి మీద పడి, కనబడినవాళ్ళనల్లా కరవడం బాగా తీశారు. మా వీధివాళ్ళు సగంలోనే లేచి వెళ్ళిపోయారు. తెర మీద 'రెండో భాగం త్వరలో' అని పడేసరికి హాల్లో నేనూ, టార్చిలైటు మనిషీ మిగిలాం.

ఆ రెండో భాగం ఎప్పుడొస్తుంది? హీరో ఆయనేనా, మార్చారా? బావిలో పడిన హీరో తల్లి బతికి వస్తుందా? పీనుగులు ఊరంతా కరిచి, పోలీసు స్టేషను ముందు నుంచి మాత్రం మర్యాదగా ఎందుకు వెళ్ళిపోయాయి?

ఇంకొక ప్రశ్న ఉంది. అది నాది కాదు, మా పక్కింటి కమలాక్షిది. కోట వాకిట్లో నుంచి పీనుగులు వరసగా వచ్చేటప్పుడు, అందరికంటే చివర, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ ఒకాయన వస్తాడు. ఆ మనిషి బతికే ఉన్నాడా? కాలికి ఏమైంది? ఈ ఒక్కదానికి వెంటనే జవాబు రాయండి. మిగతావాటికి నిదానంగా రాసినా ఏం లేదు.

ఇట్లు,
వెంకటక్క.

తా.క.: మీ హీరో పీనుగుల నుంచి తప్పించుకోవడానికి కొండంతా పరిగెత్తాడు. అవి అంత నెమ్మదిగా నడుస్తుంటే పరిగెత్తడం దేనికి? కాఫీ తాగి బయలుదేరినా సరిపోయేది.

•

హిందూపురం,
23-8-2004.

కళాభిమాని వెంకటక్క గారికి దర్శకుడు మల్లికార్జున కళాభివందనాలు.

మీది మాకు వచ్చిన ముప్పై ఒకటో ఉత్తరం. అభిమానులందరూ తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి నాకు జవాబులన్నీ కంఠతా వచ్చేశాయి. రెండో భాగం దసరాకు వస్తుంది. ఏ దసరా అన్నది ఇంకా తేలలేదు. హీరో నవనీత్‌కు కండక్టరు ఉద్యోగం రాకపోతే ఆయనే హీరో. వస్తే హీరోను మొదటి సీనులోనే పీనుగులు కరుస్తాయి. తల్లి బావిలో నుంచి వస్తుంది. ఆమెను రెండో భాగంలో పెడతామని మాట ఇచ్చాకే ఆవిడ బావిలోకి దిగింది. పోలీసు స్టేషను ముందు పీనుగులు మర్యాదగా నడిచింది మేము పర్మిషను తీసుకోనందువల్ల.

నేను వృత్తిరీత్యా పెళ్ళి వీడియోలు తీస్తాను. మొహంలో ఏ భావమూ లేకుండా జనం వరసగా నడిచి రావడం పదహారేళ్ళుగా తీస్తున్నాను. ఇంగ్లీషు వాళ్ళు జాంబీలని వీళ్ళ మీదే సినిమాలు తీస్తారని తెలిశాక, ఈ విద్య నాకు ముందే వచ్చు కదా అనిపించింది.

ఇక కమలాక్షి గారి ప్రశ్న. తువ్వాలు చుట్టుకున్న ఆ మనిషి చనిపోయాడు. ఇందులో ఎలాంటి అనుమానమూ పెట్టుకోవద్దని చెప్పండి. చనిపోతేనే కదా పీనుగు. రెండో భాగం మొదట్లోనే ఆయనను గడ్డివామిలో పడేసి తగలబెడుతున్నాం. చాలా బాగుంటుంది.

మీ
మల్లికార్జున.

తా.క.: హీరో పరిగెత్తింది పీనుగులకు భయపడి కాదు. కొండ మీద తేనెటీగలు లేచాయి. అంత సహజంగా ఆయన ఇంకెక్కడా నటించలేదని ఉంచేశాం.

•

ధర్మవరం,
28-8-2004.

డైరెక్టరు మల్లికార్జున గారికి,

మీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

కమలాక్షి రెండు దినాలుగా ముద్ద ముట్టలేదు. ఆమె ఆడబిడ్డ కుళ్ళాయమ్మ ఉత్తరం చదివించుకుని వీధంతా వినబడేలా ఏడ్చింది. ఏడుపు అయిపోయాక మొహం కడుక్కుని, "పదకొండో దినం యాపొద్దు పెట్టుకుందాము? వడలు చేపిస్తారా, లేదా?" అని అడిగింది.

ఆయన ఎప్పుడు పోయాడు? ఏం జబ్బు? దగ్గర ఎవరున్నారు? పోయేముందు ఎవరి పేరైనా తలుచుకున్నాడా? ముఖ్యంగా, కట్టుకున్న మనిషి మాట ఏమైనా ఎత్తాడా? మంచిగా ఎత్తినా చెడ్డగా ఎత్తినా ఉన్నది ఉన్నట్లు రాయండి. కమలాక్షి తట్టుకుంటుంది.

ఆ గడ్డివామి పని మాత్రం ఆపండి. ఆ పనికి ఆయన సొంత మనుషులు ఉన్నారు. మీకెందుకు?

ఇట్లు,
వెంకటక్క.

తా.క.: పోయిన మనిషి మెడ గోక్కుంటాడా? వాకిలి దాటేలోపల రెండుసార్లు గోక్కున్నాడు. అది చూసే కమలాక్షి ఇంకా గాజులు తీయలేదు.

•

హిందూపురం,
4-9-2004.

అభిమాన రత్నం వెంకటక్క గారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. ఆఫీసంటే నేనూ, మా ఆవిడ లలితా. సినిమాలో పీనుగు పోయిందని పదకొండో దినం పెట్టాలనుకునే అభిమానులు పెద్ద పెద్ద డైరెక్టర్లకు కూడా ఉండరు. లలిత మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది.

నిజం చెప్పాలంటే ఆ మనిషికి మేము కథ అనుకోలేదు. మీరు ఇన్ని ప్రశ్నలు అడిగాక రాత్రికి రాత్రి రాశాను. ఆయన పెనుకొండ కోట వాకిలి కాపలాదారు. భార్య నోటికి తట్టుకోలేక ఇల్లు వదిలి వచ్చేశాడు. పోయేముందు ఆమె పేరు తలుచుకోలేదు. తలుచుకుంటే ఎక్కడ వస్తుందోనని భయం.

మీ కోరిక ప్రకారం గడ్డివామి రద్దు చేశాం. దాని బదులు ఆయనకు జంటను పెట్టాం. పేరు గంగులమ్మ, పరిగి మనిషి. వయసు ముప్పై లోపే. ఇద్దరూ ఒకే గోరీలో ఉంటారు. కమలాక్షి గారికి ఈ శుభవార్త మీ నోటితోనే చెప్పండి. వాళ్ళిద్దరికీ ఒక పాట కూడా ఉంది.

మీ
మల్లికార్జున.

తా.క.: గోక్కోవడం సంగతి మీరొక్కరే పట్టుకున్నారు. మొహాలకు గోడసున్నం పూశాం. అందరూ గోక్కున్నారు. మిగతావన్నీ కత్తిరించాం, ఆ చివరాయనది మరిచిపోయాం.

•

ధర్మవరం,
9-9-2004.

ఏమప్పా మల్లికార్జునా,

కమలాక్షి అంటే నేనే. కమలాక్షి అనే ఆమె పక్కింట్లో ఉంది కానీ ఆమెకు సినిమాలంటే నిద్ర.

మీ సినిమాలో తువ్వాలు చుట్టుకున్న మనిషి పేరు శంకరప్ప. నా మొగుడు. ముప్పై ఏళ్ళు మగ్గం నేశాడు. రెండేళ్ళ కిందట ఉగాది మరుసటి దినం చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు, అంతే. నేను వెతకలేదు. వెళ్ళిన మనిషికి తిరిగొచ్చే దోవ తెలుసు కదా అనుకున్నాను. అట్లా అనుకుంటూనే రెండేళ్ళు అయిపోయింది.

మీ సినిమా చూద్దామని మా ఆడబిడ్డ కుళ్ళాయమ్మ తీసుకుపోయింది. కోట వాకిట్లో ఆయన కనబడగానే నా ఒళ్ళోని వేరుశనక్కాయలన్నీ కిందపడ్డాయి. తర్వాత మిగిలిన పది దినాలూ ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. టార్చిలైటు మనిషి చివరికి నన్ను చూసి భయపడడం మొదలుపెట్టాడు. మొగుడు వదిలిపోయాడని ముక్కూ మొహం తెలియనివాళ్ళకు రాసుకోవడానికి నామోషీ అయింది. అందుకని కమలాక్షిని అడ్డం పెట్టుకున్నాను.

నా నోటి సంగతి నీ దాకా వచ్చిందంటే ఆయన నీకు అన్నీ చెప్పుకున్నాడు. చావలేదన్నమాట. ఆ మేరకు సంతోషం. ఇప్పుడు చెప్పు. ఈ గంగులమ్మ ఎవరు? ఎన్నాళ్ళ నుంచి? ఒకే గోరీ ఏంది, వాళ్ళకు ఇల్లు దొరకలేదా? పాట పెట్టడానికి నువ్వెవరు?

వచ్చే శుక్రవారం పాసింజరుకు నేనూ, మా తమ్ముళ్ళిద్దరూ హిందూపురం వస్తున్నాం. ఇంట్లోనే ఉండు.

వెంకటక్క.

తా.క.: మా తమ్ముళ్ళు సినిమా చూడలేదు. కథ నేనే చెప్పాను. గంగులమ్మ దాకా చెప్పి ఆపాను.

•

హిందూపురం,
13-9-2004.
(స్పీడ్ పోస్టు)

అక్కా,

మీకు దండం పెడతాను, రైలెక్కే ముందు ఇది చదవండి.

గంగులమ్మ అనే మనిషి లేదు. ఆ వేషానికి ఆడవాళ్ళెవరూ ఒప్పుకోకపోతే ఆటో తోలే వెంకటేశులు మీసం తీసేస్తానన్నాడు. ఇంకా తీయలేదు. మీ తమ్ముళ్ళకు ఈ మాట ముందు చెప్పండి. నేను రాసినదంతా కథ. భార్య నోరు అన్నది నేను మా ఇంట్లో నుంచి తీసుకున్నాను. లలిత ఈ ఉత్తరం చూడలేదు.

కానీ అక్కా, అసలు సంగతి వేరే ఉంది. మీ ఉత్తరం చదివి శంకరప్ప గారి అడ్రసు చూద్దామని షూటింగు కాగితాలు తీశాను. పీనుగులను తెచ్చింది వెంకటేశులే. పన్నెండు మందిని తెచ్చాడు. పన్నెండు పేర్లు ఉన్నాయి, పన్నెండు ఆకుల్లో అన్నం పెట్టాం. శంకరప్ప అనే పేరు లేదు. టేపు తిప్పి లెక్కపెట్టాను. వాకిట్లో నుంచి పదమూడు మంది వస్తున్నారు.

లలితను పిలిచి లెక్కపెట్టమన్నాను. ఆమెకూ పదమూడే వచ్చాయి. ఆ పన్నెండు మందినీ పిలిపించి అడిగాను. ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు అన్నారు. వెంకటేశులు అయితే, "నేను ఆయప్ప పక్కనే నడిస్తినన్నా. చెయ్యి తగిలితే సల్లగా ఉండె," అంటున్నాడు. ఈ మాట అప్పుడు అనలేదు, నిన్నటి నుంచి అంటున్నాడు. హీరో నవనీత్ కొండ ఎక్కనని చెప్పేశాడు. రెండో భాగం ఆపేశాను. కెమెరాకు నిమ్మకాయ కట్టించాను.

మీరు కోపగించుకోనంటే ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఆయన బతికే ఉన్నారా?

మీ తమ్ముడు,
మల్లికార్జున.

తా.క.: నిన్న ఒక పెళ్ళి తీశాను. ఫోటోకు నిలబడినవాళ్ళను మూడుసార్లు లెక్కపెట్టాను. పెళ్ళివాళ్ళు నన్ను పంపేసి వేరే వీడియో ఆయనను పెట్టుకున్నారు.

•

ధర్మవరం,
20-9-2004.

తమ్ముడు మల్లికార్జునకు అక్క వెంకటక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం శుక్రవారం ఉదయం అందింది. హిందూపురం దాకా పోయే పని లేదని, సినిమాలో ఆయన కనబడిన పెనుకొండలోనే దిగాం. రెండేళ్ళు చేయని పని ఆ దినం చేశాను. కనబడిన ప్రతి మనిషినీ, "శంకరప్ప అని ఒకాయప్ప, నేతపని చేసేటాయన, యాడన్నా చూసినారా?" అని అడిగాను. నామోషీ మూడో మనిషి దగ్గరే పోయింది.

బస్టాండు పక్కన దోసెల హోటలు ఉంది. గోడకు నీ సినిమా పోస్టరు. దాని కింద పెనం ముందు నిలబడి ఆయన దోసెలు పోస్తున్నాడు. చుట్టూ ఐదారుగురు చేరి, "అన్నా, రెండో భాగంలో నువ్వు బతుకుతావా?" అని అడుగుతున్నారు. "అది చెప్పకూడదబ్బా. డైరెక్టరు నాతో మాట తీసుకున్యాడు," అంటున్నాడు. విడుదల తేదీ అడిగితే అది కూడా చెప్పాడు. నువ్వు రాసినదానికంటే గట్టిగా చెప్పాడు.

తర్వాత నన్ను చూశాడు. పెనం మీది దోసె మాడిపోయింది.

"ఏమప్పా, ఈడుండావా?" అన్నాను.

"ఈడనే ఉండా. సినిమా చూస్తివా?"

రెండేళ్ళ తర్వాత కట్టుకున్నదాన్ని చూసి ఆయన అడిగిన మొదటి మాట అది.

"చూస్తి."

"చివర్లో వస్తా. కనపడితినా?"

తమ్ముడూ, నేను నీకు రాయని సంగతి ఒకటి ఉంది. ఆ ఉగాదికి మా వీధివాళ్ళు నాటకం వేశారు. ఈయన జన్మలో ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. ఆ దినం ఒక చిన్న వేషం అడిగాడు. నేను అందరి ముందర, "నీకు పీనుగు యేసం గూడా ఎవురూ ఇయ్యరు," అన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. తెల్లారి ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

మీ షూటింగుకు కొండ మీదికి టీ తెచ్చిందెవరో నీకు గుర్తుందా? ఉండదు. టీ తెచ్చినవాళ్ళ మొహం ఎవరు చూస్తారు? అక్కడ పీనుగులను వరసగా నిలబెట్టడం చూసి ఆయనకు కాళ్ళు ఆగలేదంట. టీ క్యాను పక్కన పెట్టి, మీ వంట పొయ్యిలో బూడిద తీసి మొహానికి పూసుకుని, తలకు తువ్వాలు చుట్టి చివర్లో నిలబడ్డాడు. "రమ్మని ఎవురూ అనలే. పొమ్మని గూడా ఎవురూ అనలే," అన్నాడు. కాలు ఈడ్చడం కూడా ఆయన సొంత ఆలోచనే. కాలికి ఏమీ లేదు. మళ్ళీ క్యాను ఎత్తుకుని దిగిపోయాడు.

పెనం మీద మాడిన దోసెను నేనే వేసుకుని, వంక పెట్టకుండా తిన్నాను. నన్నెరిగినవాళ్ళకు ఇది చెబితే నమ్మరు. మా తమ్ముళ్ళు ఆయనను కొట్టడానికి వచ్చి, చెరి నాలుగు దోసెలు తిని, బావా ఇంకొకటి అన్నారు.

సాయంత్రం పాసింజరుకు నలుగురమూ ధర్మవరం వచ్చేశాం. రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు.  స్టేషను వస్తుందనగా, ఉగాది నుంచి ఆయనకు బాకీ ఉన్న మాట చెప్పాను.

"బాగా చేసినావు."

ఆయన నా వైపు తిరిగి, పెద్ద నటుడిలాగా కాసేపు ఆలోచించి, "యా సీన్లో?" అన్నాడు.

ఆయనకు ఉన్నదే ఒక్క సీను.

ఇట్లు,
వెంకటక్క.

తా.క.: రెండో భాగం ధైర్యంగా మొదలుపెట్టు. ఈయన అద్దం ముందు సాధన చేస్తున్నాడు. నిన్న ఈయన తలుపు తీయగానే పాలమ్మే ఆమె చూసి చెంబు వదిలేసి పరిగెత్తింది. ఆయన మాత్రం ఆమె భయపడిన తీరు చాల్లేదని, ఇంకొకసారి రమ్మని కబురు పెట్టాడు.