మా సినిమాను తీసేయను

లక్ష్మీనారాయణ అంకుల్ గారికి,

హిందూపురం శివారులో ఉన్న మన లేఅవుట్ సంఘానికి అధ్యక్షులుగా మీరు నన్ను క్షమాపణ రాసివ్వమన్నారు. "రాసిచ్చేయ్ పాపా, పెద్దోళ్లతో మనకెందుకు" అని మా అమ్మ కూడా అంటోంది. నేను రాయనని చెప్పడానికే ఈ ఉత్తరం.

సెలవుల్లో ఫోనుతో పదమూడు నిమిషాల సినిమా తీశాను. అందులో ఇంటర్ చదివే అమ్మాయి ఇంట్లో చెప్పకుండా బెంగళూరు బస్సెక్కుతుంది. ఆ వేషం మీ అమ్మాయి సాయిసుధ వేసింది. మొన్న సంఘం హాల్లో చూపిస్తుంటే మీరు మధ్యలోనే లేచి, "మా ఇండ్లల్లో పిల్లోళ్లకు ఏం తక్కువ చేసినామమ్మా? అందరి ముందర పరువు తీస్తాండావే!" అని కేకలేశారు. సినిమాను ఫోన్లోంచి తీసేయమన్నారు. నేను తీసేయలేదు.

మీకు కోపం తెప్పించిన మాట ఇదీ: "నాయనా, మార్కులు తప్ప నన్నింకేమీ అడగవు. ఈ ఇంట్లో నేనుండేది నీకు కనపడతాందా?"

ఆ మాట నాకెవరు నేర్పారని అడిగారు. అది నేను రాసింది కాదంకుల్. కెమెరా ముందు సాయిసుధ తనంతట తానే అలా అని ఏడ్చింది. నటన అనుకుని మేం చప్పట్లు కొట్టాం. ఎంతసేపటికీ ఏడుపు ఆగలేదు. ఈ సంగతి మీకు రాయమని తనే చెప్పింది.

నన్ను ఎన్నైనా అనండి. తనను మాత్రం ఎందుకేడ్చావమ్మా అని ఒక్కసారి అడగండి.

ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద సినిమా మళ్లీ వేస్తున్నాం. ఈసారి చివరిదాకా కూర్చోండి.

ఇట్లు,
మీ ఎదురింటి అమ్మాయి