పొత్తిగుడ్డలు, మసిగుడ్డలు

కర్నూలు, 1955
శ్రావణ శుక్రవారం, రాత్రి

మధ్యాహ్నం బస్సుకు నందికొట్కూరు నుంచి అమ్మ వచ్చింది. పాపకు పొత్తిగుడ్డలు తెచ్చింది. తన పాత నూలు చీర చించి, అంచులు చేత్తో కుట్టి, ఉడకబెట్టి ఆరేసిందట.

"కొత్తగుడ్డ గరుగ్గా ఉంటాదమ్మా, బిడ్డకు తొడలు ఒరుసుకుంటాయి. ఇవి శానా మెత్తగ ఉండాయి," అంది.

నిజమే. నేను అంగట్లో కొన్న గుడ్డకు గంజి వదలక పాప తొడలు కందిపోయాయి. ఆ మాట అమ్మతో చెప్పలేదు.

సాయంత్రం పక్కింటి ఆఫీసరు గారి భార్య పేరంటానికి పిలవడానికి వచ్చింది. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఈ కోస్తా వాళ్ల ముందు నాకు అన్నింటికీ నామోషీనే. మంచం మీది మూట చూసి, "ఏంటండీ ఇవి?" అంది.

"మసిగుడ్డలు. అమ్మ తెచ్చింది," అన్నాను. అమ్మ ఎదురుగానే ఉంది. నా నోరు పడిపోను!

అమ్మ మూట దగ్గరికి వచ్చింది. పైనున్న గుడ్డ తీసి, పొయ్యి మీద పొంగుతున్న పాలగిన్నెను దాంతోనే దించింది. "అవునమ్మా, మసిగుడ్డలే," అంది ఆమెతో, నవ్వుతూ.

ఇప్పుడు పాప అమ్మ గుడ్డలోనే హాయిగా నిద్రపోతోంది. మసి అంటిన గుడ్డను ఇందాక సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికాను. మరక పోలేదు. అమ్మ వెనకొచ్చి నిలబడింది.

"ఏంటికి ఉతుకుతాండావు? ఇడ్సిపెట్టు. పొయ్యికాడికి ఒకటి కావాల గదా," అంది.