శాలువా మూలన మూడు ముడులు

నాన్నగారికి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. మీరూ, అత్తా, రోజంతా బుసలు కొట్టే మన దుకాణపు ఆవిరి ఇస్త్రీపెట్టే క్షేమమని తలుస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది. ఇది చివరిదాకా చదివాకే దాన్ని విప్పండి. ఇది కోరిక కాదు, ప్రార్థన.

ముందుగా మీ ప్రశ్నలకు జవాబులు. రంగు నూలు చొక్కాలను తిరగేసి నీడనే ఆరేస్తున్నాను, ఒక్కటీ వెలిసిపోలేదు. నార చొక్కాను కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తున్నాను. పూర్తిగా ఎండాక దాని ముడతలతో వాదించి గెలవడం నా వల్ల కూడా కాలేదు. పట్టు చొక్కా మీద పలచని గుడ్డ పరిచే ఇస్త్రీ చేస్తున్నాను. అత్తరు పడితే పట్టు మీద మచ్చ దిగుతుందని మీరు చెప్పినప్పుడు, ఏ పుస్తకంలో ఉందని నిలదీశాను. ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు, నా చొక్కా చంకలోనే ఉంది. "ఆ నోటితో మాట్లాడ్డమేనా, తిండి కూడా తింటోందా?" అని అడిగిన అత్తకు, రెండు పనులూ జరుగుతున్నాయని చెప్పండి.

డిబేట్ పోటీలో సెమీఫైనల్ గెలిచాను. శ్రమ చేసేవాడి మాటకు విలువ ఉండాలన్నది మా పక్షం. పదిహేను నిమిషాలు మాట్లాడాను, హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లు చెవిలో మోగుతుండగానే హాస్టల్‌కు తిరిగొచ్చాను. వసారాలో ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని గచ్చు తుడుస్తోంది. నన్ను చూసి, నేను నడవడానికి బకెట్టు పక్కకు జరిపింది. నా నడక అక్కడే ఆగిపోయింది. ఆమె హాస్టల్ లాండ్రీలో పదేళ్లుగా పనిచేసిన మనిషి. ఆమెను గచ్చు తుడవడానికి దింపింది నేను.

అమ్మ శాలువాను నెలకోసారి గాలికి వేస్తున్నావా, లవంగాల మూట మార్చావా, అని మీరు మూడు ఉత్తరాలుగా అడుగుతున్నారు. మూడింటికీ "శాలువా భద్రం" అని రాశాను. మూడూ అబద్ధాలే. వేడినీళ్ల మిషన్‌లో పడి అది సగానికి సగం కుంచించుకుపోయింది. అట్టలా బిగిసిపోయింది. అమ్మ పోయాక పదకొండేళ్లు ఒక్క పురుగు ముట్టకుండా మీరు దాచిన శాలువా, నా దగ్గర పదకొండు నెలలు నిలవలేదు.

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, వాదన వచ్చింది. వార్డెన్ ముందు పంచాయితీ పెట్టించాను. లాండ్రీ ఆవిడ నిలబడి ఒకే మాట చెప్పింది.

"ఇంతకుముందు ఉతుక్కి వచ్చినప్పుడు ఈ శాలువా మూలన మూడు దారపు ముడులు ఉండేవమ్మా. తెల్లదీ, ఎర్రదీ, నీలందీ. అవేమిటో నాకు తెలీదు గానీ, ఎవరో జాగ్రత్త చెప్పారని పక్కకు తీసి చల్లనీళ్లలో చేత్తో ఉతికా. మూటలు విప్పేటప్పుడు గుర్తు కోసమే చూస్తాం. ఈసారి ముడులు లేవు. దుప్పట్లతో పాటు పోయింది."

"ముడులు ఉండేవనడానికి సాక్ష్యం ఏది?" అన్నాను.

"సాక్ష్యం అంటే... నేను చూశానుగా."

"మీరు చూశానంటే చాలా? ఉన్ని బట్టను చేత్తో ముట్టుకుని పోల్చుకోలేనివాళ్లు లాండ్రీలో ఎందుకున్నట్టు?"

వార్డెన్ నా వైపు తీర్పు చెప్పి, ఆమెను గచ్చు తుడిచే పనికి మార్చింది. స్నేహితురాళ్లు నా వీపు తట్టారు.

నాన్నా, ఆ ముడులు ఉండేవి. తెలుపంటే చల్లనీళ్లు, ఎరుపంటే పిండకూడదు, నీలమంటే నీడన పరిచి ఆరేయాలి. మన దుకాణంలో ఆ ముడులు చూస్తూనే నేను రంగులు నేర్చుకున్నాను. మీరు శాలువా మూలన వేసిన ఆ ముడులను గోళ్ల కత్తెరతో నేనే కత్తిరించి పారేశాను.

గదిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి శాలువా మూల పట్టుకుని, "ఇదేంటే, లాండ్రీ గుర్తా? ఎవరిదైనా మారిపోయి వచ్చిందా?" అని నవ్వింది. మీరు వస్త్ర పరిశ్రమలో ఉన్నారని అప్పటికే ఆమెకు చెప్పి ఉన్నాను. "ఏదో పిచ్చి దారాలు" అని నేనూ నవ్వాను. ఆమె స్నానానికి వెళ్లగానే కత్తెర తీశాను. ముఖం కూడా తెలియని ఒక మనిషికి ఇంత దూరాన మీ మాట అందింది, ఆమె దాన్ని పాటించింది. నేను ఆ మాటను కత్తిరించాను, ఆపైన ఆమెనే సాక్ష్యం అడిగాను.

సెమీఫైనల్ మర్నాడు వార్డెన్ దగ్గరకు వెళ్లి అంతా చెప్పాను.

"అప్పుడు అంత బాగా వాదించావు కదమ్మా?"

"వాదించానండీ. అబద్ధం కాబట్టే అంత బాగా వాదించాల్సి వచ్చింది."

ఆమెను తిరిగి లాండ్రీలోకి తీసుకున్నారు. నన్ను ఫైనల్ జట్టు నుంచి తప్పించారు. దాని మీద అప్పీలు లేదు, నేను చేయను కూడా. క్షమాపణ అడగడానికి లాండ్రీకి వెళితే, ఆమె బట్టలు విడదీయడం ఆపలేదు.

"నీ క్షమాపణ నేనేం చేసుకోను తల్లీ. మూడు వారాలు మోకాళ్లు అరిగాయి. అది సరే, ఆ ముడులు వేసిందెవరు?"

"మా నాన్న. ఆయనది లాండ్రీ దుకాణం."

హాస్టల్‌లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె చేతులు ఆగాయి.

"అనుకున్నా. పని తెలిసిన చెయ్యి అది. మరి ఆయనకు చెప్పావా?"

చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

"మరి ఇక్కడెందుకు నిలబడ్డావ్? వెళ్లు."

అందుకే ఈ ఉత్తరం. ఈ చలికాలం అత్తకు కప్పడానికి శాలువా పంపమన్నారు. పంపుతున్నాను. అది అత్తకు భుజాలు దాటి రాదు. మూలన మళ్లీ మూడు ముడులు వేశాను. ఉన్ని గట్టిపడి సూది దిగలేదు, అందుకే వంకరగా ఉన్నాయి. ఆ శాలువాకు ఇప్పుడు వాటి అవసరం లేదని నాకు తెలుసు. మిగిలిన నా బట్టలన్నింటికీ ఇవాళే వేశాను, కాలర్ల మీద, బయటికి కనిపించేలా. గదిలో అమ్మాయి అడిగింది, చెప్పాను. లాండ్రీ ఆవిడకు మీ రంగుల అర్థాలు ఒక అట్ట మీద రాసిచ్చాను, గోడకు తగిలించింది. నాలుగో రంగు ఏమైనా ఉందా అని అడగమంది. ఆ ఒక్క ప్రశ్నకూ జవాబు రాయండి.

నా గురించి మాత్రం "పోనీలే" అని రాయకండి. మీరు అలాగే అంటారని తెలుసు. పొట్లం విప్పి, శాలువాను మీ చేత్తో ఒకసారి పట్టి చూసి, అప్పుడు ఏమనిపిస్తే అది రాయండి.

ఇట్లు,
లాండ్రీ ఆయన కూతురు