పాత పైలట్ కోసం

అన్నయ్యా,

మన రోబోల సీరియల్‌కి రెండో సీజన్ వచ్చేసింది! సిగ్నల్ కోసం కాఫీతోట పైదాకా ఎక్కి డౌన్‌లోడ్ చేసుకొచ్చాను. చూడబోతుంటే అవ్వ ఆపేసింది.

"పెద్దలకి పెట్టందే కొత్త మామిడికాయ ముట్టుకోం. ఆడికి సూపించకుండా సూసేత్తావేటే గుంటా?"

అందుకే నువ్వు పోయాక నీకు నిలిపిన రాయి దగ్గర కూర్చుని మొదటి ఎపిసోడ్ పెట్టాం.

ఫైటింగులు అదిరిపోయాయి! రోబోకి చార్జింగ్ అయిపోదేంటని గొడవపడేవాడివి కదా, ఇందులో సరిగ్గా యుద్ధం మధ్యలో అయిపోయింది! కథ మాత్రం సాగదీశారు. రోబోని నడిపే కొత్త పైలట్ అస్తమానూ ఏడుస్తాడు. పాత పైలట్ ఊసే లేదు.

అవ్వ చివరిదాకా అతని కోసమే చూసింది.

"ఆ పాత గుంటడు రాడేటే?"

"రెండో ఎపిసోడ్‌లో వస్తాడేమో అవ్వా."

"అయితే రేపూ ఇక్కడే సూద్దాం. బేగి రా."